నత్తగుల్లల్లో కాపురం: టాంగన్యీకా చేపలతో నా అనుభవం

ఆఫ్రికన్ సిక్లిడ్లు (సిక్లిడ్ అనేది ఒక చేపల కుటుంబం) కావాలని హైదరాబాద్‌లో ఏ అక్వేరియం షాపుకి వెళ్లి అడిగినా పసుపు, నీలం, నారింజ రంగుల్లో మెరిసిపోయే మలావీ సరస్సు చేపలనే చూపిస్తారు. చాలాచోట్ల వాటికి విడివిడిగా పేర్లు కూడా ఉండవు. ‘మిక్స్‌డ్ ఆఫ్రికన్’ అని అన్నిటినీ ఒకే తొట్టిలో కలిపేసి అమ్ముతారు. చూడటానికి బాగుంటాయి, కాదనను. కాకపోతే నాలుగడుగుల తొట్టి లేనిదే వాటికి కుదరదు. అంతకంటే చిన్నదాంట్లో వేస్తే బలమైనది మిగతావాటిని తరిమి తరిమి చంపేస్తుంది. మాది డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. హాల్లో టీవీ పక్కన గ్రానైట్ గట్టు మీద మహా అయితే రెండడుగుల జాగా ఉంది. అందులో పట్టే ఆఫ్రికా చేప ఏదైనా ఉందా అని వెతుక్కుంటూ పోతే మలావీకి వాయవ్యంగా ఉన్న టాంగన్యీకా సరస్సు తగిలింది.

టాంజానియా, కాంగో, బురుండీ, జాంబియా నాలుగు దేశాలూ పంచుకునే సరస్సు అది. పొడవు దాదాపు 670 కిలోమీటర్లు. లోతు ఎక్కువగా ఉన్నచోట 1,470 మీటర్లు. లోతులో సైబీరియాలోని బైకాల్ తర్వాత ప్రపంచంలో దీనిదే స్థానం. ఇందులో 200కు పైగా సిక్లిడ్ జాతులున్నాయి, వాటిలో దాదాపు అన్నీ ఈ సరస్సులో తప్ప ఇంకెక్కడా దొరకవు. రెండడుగుల పైన పెరిగేది ఒకటుంది. దానికి పూర్తి విరుద్ధంగా, మగది నాలుగున్నర సెంటీమీటర్లు, ఆడది మూడు సెంటీమీటర్లు దాటనిది ఇంకొకటుంది. ఈ రెండోదే నేను తెచ్చుకున్నది. పేరు నియోలాంప్రోలోగస్ మల్టీఫాసియాటస్. 1906లో బ్రిటిష్ మ్యూజియం శాస్త్రవేత్త బౌలెంజర్ వర్ణించిన జాతి ఇది. పెంచేవాళ్లంతా ‘మల్టీ’ అని పిలుస్తారు, నేనూ అలాగే అంటాను.

ఇంత చిన్న చేప అంత పెద్ద సరస్సులో ఎలా బతుకుతుందంటే, నత్తగుల్లల్లో. ఆ సరస్సులో నియోథామా అనే నత్త ఉంది. నత్త చచ్చిపోయాక గుల్ల అడుగున మిగులుతుంది. అక్కడి నీళ్లకు క్షార గుణం, కార్బొనేట్లు ఎక్కువ కావడం వల్ల అది త్వరగా కరిగిపోదు. అలా ఏళ్ల తరబడి పోగైన గుల్లలు కొన్నిచోట్ల సరస్సు అడుగంతా పరుచుకుని ఉంటాయి. దాక్కోవడానికి రాళ్లు లేని ఆ ఇసుక నేలలో గుల్లలోకి దూరగలిగేంత చిన్నవి ఇళ్లు కట్టేసుకున్నాయి. నిద్ర, దాక్కోవడం, గుడ్లు, పిల్లలు అన్నీ గుల్లలోనే. అంటే ఈ చేపకు కావలసింది ఎత్తయిన తొట్టి కాదు, నేల. నా రెండడుగుల తొట్టి సరిగ్గా సరిపోతుందని అర్థమైంది.

కానీ నన్ను నిజంగా ఒప్పించింది మాత్రం నీళ్ల సంగతి.

మా అపార్ట్‌మెంట్‌లో వాడకానికి బోరు నీళ్లు. టీడీఎస్ మీటర్ పెడితే 1,100 దాకా చూపిస్తుంది. కుళాయిల చుట్టూ తెల్లగా పేరుకుపోతుంది, గీజర్ కాయిల్ మాటిమాటికీ పోతుంది, జుట్టు రాలితే తప్పంతా బోరుదే. ఈ ఊళ్లో నియాన్ టెట్రాలు, డిస్కస్‌లు లాంటి మెత్తటి, ఆమ్ల గుణమున్న నీళ్లు కావలసిన చేపలు పెంచేవాళ్ల కష్టాలు చూశాను. ఆర్వో నీళ్లు బకెట్లకొద్దీ పట్టాలి, బాదం ఆకులు నానబెట్టాలి, పీహెచ్ దించాలి, అది మళ్లీ ఎక్కుతుంది, మళ్లీ దించాలి. ఏటికి ఎదురీదడమే. టాంగన్యీకా నీళ్ల పీహెచ్ 8.6 నుంచి 9 దాకా ఉంటుంది, మెగ్నీషియం, కార్బొనేట్లు పుష్కలం. మనం తిట్టుకునే నీళ్లకు దగ్గరి చుట్టం. చేప కోసం నీళ్లు మార్చడం కంటే నీళ్లకు తగ్గ చేపను తెచ్చుకోవడమే తెలివైన పనని నా అభిప్రాయం. మార్చాల్సిన నీళ్లు ఎప్పుడో ఒకసారి మనం మర్చిపోతాం, ఊరెళ్తాం, ఒంట్లో బాగోదు. కుళాయి నుంచి నేరుగా పట్టే నీళ్లయితే ఆ బెడద ఉండదు.

అయితే టీడీఎస్ మీటర్ ఒక్కటి చూసి బోరు నీళ్లు పనికొస్తాయని నిర్ణయించుకుంటే సరిపోదు. అది నీళ్లలో మొత్తం ఎంత కరిగి ఉందో చెబుతుందే కానీ కరిగిందేమిటో చెప్పదు. రంగు మారేదాకా ఎన్ని చుక్కలు పడ్డాయో లెక్కపెట్టే లిక్విడ్ కిట్ తెప్పించి పరీక్ష చేస్తే మా బాత్‌రూమ్ కుళాయి నీళ్లలో కేహెచ్, అంటే కార్బొనేట్ లెక్క, 15 వచ్చింది. జీహెచ్, అంటే కాల్షియం, మెగ్నీషియం కలిపిన లెక్క, మొదటి చుక్కకే రంగు మారిపోయింది. ఒకటి. ఇంత హార్డ్ వాటర్‌లో కాల్షియం లేకపోవడమేంటి?

కారణం మోటారు గదిలో ఉంది. అసోసియేషన్ వాళ్లు పెట్టించిన సాఫ్టెనర్ ప్లాంటు. అందులోని రెజిన్ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియాలను పట్టుకుని వాటి బదులు సోడియం వదులుతుంది. కార్బొనేట్ల జోలికి పోదు. అందుకే కేహెచ్ అలాగే ఉంటుంది, టీడీఎస్ కూడా పెద్దగా తగ్గదు, జీహెచ్ మాత్రం మాయమవుతుంది. బట్టలకు, గీజర్లకు మంచిదే. ఈ చేపలకు, నత్తగుల్లలకు కాదు. వాచ్‌మన్‌ని అడిగితే, “ప్లాంటు ముంగట ఇంకో నల్లా ఉంది మేడం, చెట్లకు గా నీళ్లే పోస్తం” అన్నాడు. ఆ నల్లా నీళ్లలో జీహెచ్ 22 వచ్చింది. అప్పటినుంచి చెట్లకూ నా చేపలకూ ఒకే నల్లా.

పట్టిన వెంటనే ఆ నీళ్ల పీహెచ్ చూస్తే 7.4 దగ్గరే ఉంటుంది. భూమి లోపలి నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా కరిగి ఉండటం వల్ల అలా చూపిస్తుంది. బకెట్‌లో గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ వేసి రాత్రంతా వదిలేస్తే గ్యాస్ పోయి పొద్దున్నకు 8.3కి ఎక్కి కూర్చుంటుంది. మందులేం అక్కర్లేదు. సరస్సంత లేకపోయినా తొట్టెల్లో పుట్టి పెరిగిన చేపలకు ఇది చక్కగా చాలు.

మంజీరా, కృష్ణా నీళ్లు వాడేవాళ్లకు రెండు మాటలు. ఒకటి, వాటిలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి యాంటీ క్లోరిన్ తప్పనిసరి. రెండు, కేహెచ్ తక్కువుంటే వంటసోడా పనికొస్తుంది. 50 లీటర్లకు ఒక టీ స్పూన్, సుమారు 6 గ్రాములు కలిపితే ఉన్న కేహెచ్‌కి ఇంకో 4 దాకా కలుస్తుంది. ఒకేసారి గుమ్మరించకుండా మార్చే నీళ్లలో కొంచెం కొంచెం కలుపుకోవాలి.

ఇక ఇసుక. సరస్సు కథంతా ఇసుక మీదే నడుస్తుంది కాబట్టి దీని దగ్గర నేను పట్టుదలకు పోయాను. ఇప్పుడు ఎక్కడ బిల్డింగ్ కడుతున్నా పోసేది రోబో శాండ్. కంకర మరలో కొట్టిన ఇసుక అది, రేణువులకు అంచులు పదునుగా ఉంటాయి. రోజంతా నోటితో ఇసుక తోడే చేపకు అది పెట్టడం పాపం. సన్నటి నది ఇసుక ఒక గోనెసంచిలో సంపాదించి, పిండి జల్లెడ కంటే కొంచెం పెద్ద కన్నాల జల్లెడలో జల్లించి, నీళ్లు తేరేదాకా కడిగాను. మేడ మీద బకెట్ కడగడం, వంచడం, మళ్లీ నింపడం, ఆ పని ఎంతకీ తెమలదు. అడుగున రెండంగుళాల పైన మందం వచ్చేలా పరిచాను. తొట్టి 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు. లెక్కకు 54 లీటర్లు, ఇసుకా గుల్లలూ పోను 45 లీటర్ల నీళ్లు పడతాయి. గట్టుకూ గాజుకూ మధ్య థర్మాకోల్ షీటు వేశాను.

గుల్లల కోసం విదేశాల్లో వాళ్లు తినే నత్తల గుల్లలు వాడతారు. మనకు పొలాల్లో, చెరువుల్లో దొరికే నత్త ఉండగా ఆ బాధ ఎందుకు? మా పుట్టిల్లు కోనసీమ. అమ్మకు ఫోన్ చేసి నత్తగుల్లలు పంపించమన్నాను.

“నత్తలు వండుకుంటావేంటే కొత్తగా?”

“కాదమ్మా, ఉత్త గుల్లలే కావాలి.”

“గుల్లలా! సున్నం కాలుస్తావా ఏంటి?”

చేపలు కాపురం ఉంటాయని చెప్పాక ఆవిడ నవ్వు ఆపలేదు. కానీ పంపింది, తమ్ముడి చేత, ఒక సంచి నిండా. గుల్లసున్నం కాల్చేవాళ్లకు కావలసిందీ నాకు కావలసిందీ ఒకటే, కాల్షియం కార్బొనేట్. మన నత్తగుల్ల నియోథామా కంటే పల్చన, నోరు కొంచెం వెడల్పు. చేపలకు ఆ తేడా పట్టలేదు. మరీ పెద్దవి పక్కన పెట్టి మూడు నాలుగు సెంటీమీటర్లవి ఏరుకున్నాను. గుల్ల చివరి మెలికలో ఎండిన మాంసం ఉండిపోతుంది, అది నీళ్లలో కుళ్లితే తొట్టంతా పాడవుతుంది. మేడ మీద చీమలున్న మూల పరిచి వదిలేస్తే ఆ పని చీమలే చూసుకున్నాయి. తర్వాత పాత గిన్నెలో మరగబెట్టి, ఒక్కోదాన్నీ ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. వాసన వచ్చినవి మళ్లీ ఎండకే. తొట్టిలో పెట్టేటప్పుడు గుల్లను నీళ్లలో ముంచి అటూ ఇటూ తిప్పి లోపలి గాలి బుడగ పోయేదాకా ఊపాలి. గాలి మిగిలితే తేలుతుంది, చేపకు లోపలి చోటు తగ్గుతుంది. చేపకు మూడు గుల్లల చొప్పున లెక్కేసుకుని, ఇంకొన్ని ఎక్కువే వేశాను.

నీళ్లు పోసి, స్పాంజ్ ఫిల్టర్ పెట్టి, చేపలు లేకుండానే నెల పైన నడిపాను. రోజూ చిటికెడు చేపల మేత వేయడం, అది కుళ్లి అమోనియా రావడం, దాన్ని బ్యాక్టీరియా నైట్రైట్‌గా, నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చడం, ఈ చక్రం తిరగడం మొదలయ్యేదాకా ఆగాల్సిందే. ఏ చేపలకైనా ఇది అవసరమే, ఈ చేపలకు మరీను. ఎందుకంటే అమోనియా విషం పీహెచ్‌తో పాటు పెరుగుతుంది. పీహెచ్ 7 నీళ్లలో మొత్తం అమోనియాలో ప్రమాదకరమైన రూపంలో ఉండేది నూటికి ఒక వంతు కూడా ఉండదు. అదే 8.5 దగ్గర, మన ఊరి వేడిలో, దాదాపు ఆరో వంతు. గోల్డ్‌ఫిష్ తొట్టిలో ఎలాగోలా గడిచిపోయే అమోనియా ఇక్కడ ప్రాణం తీస్తుంది. మా ఇంటికొచ్చిన వాళ్లంతా ఖాళీ తొట్టి చూసి, “ఈశాన్యంలో పెట్టాల్సింది” అనో, “ఎనిమిది బంగారు రంగువి, ఒక నల్లది వేస్తే కలిసొస్తుంది” అనో సలహా చెప్పి వెళ్లారు.

మా ఊరి షాపుల్లో మల్టీలు దొరకలేదు. రంగులు లేని చిన్న చేపను అంత డబ్బు పోసి ఎవరు కొంటారని షాపాయనే అన్నాడు. చివరికి చెన్నై కొళత్తూరు వైపు, రంగు చేపల వ్యాపారమంతా ఉన్న చోట, పెంచే ఒకాయన దగ్గర చెప్పి పెట్టుకుని ఎనిమిది పిల్లలు తెప్పించాను. ఆ వయసులో మగా ఆడా తేల్చడం కష్టం, అందుకే జత అడక్కుండా గుంపు తీసుకోవడమే మేలు. వీటికి దగ్గరి పోలికున్న సిమిలిస్ అనేది ఇంకోటుంది, చారలు తల మీదికి, కళ్ల దాకా వస్తాయి. మల్టీకి చారలు ఒంటి మీదే, తల ఖాళీ. ఫోటోలో తల చూసుకున్నాకే డబ్బు పంపాను.

రాత్రి బస్సులో వేస్తే పొద్దున్నే దిగాయి. ఆక్సిజన్ నింపిన కవర్లు, థర్మాకోల్ డబ్బా. ఒకటి దారిలోనే పోయింది, ఏడు బతికి వచ్చాయి. కొత్త చేపల కవర్లో తొట్టి నీళ్లు చుక్కచుక్కగా గంటలకొద్దీ కలపాలని అందరూ చెబుతారు. దూరం నుంచి వచ్చినవాటికి, అదీ మన లాంటి పీహెచ్‌లో, నేనలా చేయను. రాత్రంతా మూసిన కవర్లో చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ పీహెచ్‌ని దించేస్తుంది, అందువల్ల పోగైన అమోనియా హాని తక్కువ రూపంలో ఉండిపోతుంది. కవరు తెరిచి, పైగా 8.3 నీళ్లు కలుపుతూ కూర్చుంటే అదే అమోనియా విషంగా మారుతుంటే చేప అందులోనే ఈదుతుంటుంది. కవర్లు మూసే ఉంచి తొట్టిలో తేల్చి, వేడి సమం అయ్యాక తెరిచి, వెంటనే చిన్న వలతో చేపల్ని మాత్రం దింపాను. కవర్ నీళ్లు సింకులో పోశాను.

అయిదు నిమిషాల్లో తొట్టి ఖాళీ. ఏడూ ఏడు గుల్లల్లోకి దూరిపోయాయి. సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి, “చేపలేవీ?” అన్నారు. ఆ తర్వాత కొన్నాళ్లు ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ అదే మాట.

భయం తీరాక పని మొదలుపెట్టాయి. అన్నిటికంటే పెద్దది, తర్వాత తెలిసింది అదే మగదని, ఒక గుల్ల మొదట్లో తల వంచి నోటి నిండా ఇసుక తీసుకుంటుంది. జానెడు దూరం ఈది ఉమ్మేస్తుంది. వెనక్కి వస్తుంది, మళ్లీ తీసుకుంటుంది. బుగ్గలు ఉబ్బి, కళ్లు ఇంకా పెద్దవైనట్టు కనిపిస్తాయి. గుల్ల కింద ఇసుక తగ్గేకొద్దీ అది కొంచెం కొంచెం దిగుతుంది, ఒక పక్కకు ఒరుగుతుంది. అప్పుడు ఈదుతూ అటు వైపు వెళ్లి అక్కడ తవ్వుతుంది, గుల్ల నోరు పైకి తిరిగేదాకా. ఆడవి కూడా తవ్వుతాయి కానీ తమ గుల్ల చుట్టూ మాత్రమే. వారాలు గడిచేసరికి తొట్టిలో ఎడమ వైపు అడుగు గాజు కనిపించేంత గొయ్యి, కుడి వైపు సగం ఎత్తు దాకా ఇసుక గుట్ట. నేను పరిచిన రెండంగుళాల సమానమైన నేల ఎక్కడా మిగల్లేదు. నాటిన వాలిస్నేరియా మొక్కలన్నీ పైకి తేలాయి, వాటిని చిన్న కుండీలో పెట్టి మూలకు చేర్చాను. రాయికి కట్టిన అనుబియాస్ మొక్క జోలికి మాత్రం అవి రాలేదు కాబట్టి అది బతికిపోయింది. బోరు నీళ్లలో నైట్రేట్ ముందే 40 దగ్గర ఉంటుంది, అందుకని తొట్టి వెనక మనీ ప్లాంట్ వేళ్లు నీళ్లలోకి వేలాడదీశాను. అది హాలు గోడంతా పాకింది.

ధైర్యం చూడాలి వీటిది. సైఫన్ గొట్టం పెట్టి మురికి లాగుతుంటే మగది నేరుగా వచ్చి వేలు కొరుకుతుంది. నొప్పేం ఉండదు, నాలుగు సెంటీమీటర్ల చేప, చిన్న చురుకు అంతే. కానీ వెనక్కి తగ్గదు. ఆడవాళ్ల మధ్య గొడవ వస్తే మధ్యలో దూరేది కూడా అదే. ప్రతి ఆడదానికీ తనవైన రెండు మూడు గుల్లలుంటాయి, పక్కది గీత దాటితే మొప్పలు విప్పి మీదికి పోతుంది. మగది వచ్చి రెండిటి మధ్యా అడ్డంగా నిలబడుతుంది, ఎక్కువ రెచ్చిపోయినదాన్ని తరిమి వదిలేస్తుంది. ఈ తగవులు తీర్చే అలవాటును పరిశోధకులు కూడా గమనించి రాశారు. నేను మా హాల్లో కూర్చుని చూశాను.

మేత దగ్గర తమ్ముడు అక్కరకొచ్చాడు. వాడు కాకినాడ దగ్గర రొయ్యల హేచరీలో పని చేస్తాడు. రొయ్య పిల్లలకు వాళ్లు పెట్టే ఆర్టీమియా (ఉప్పునీటిలో పెరిగే చిన్న రొయ్య లాంటి జీవి) గుడ్ల డబ్బాలు ఎక్కువగా అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్ నుంచి వస్తాయి. కోస్తా హేచరీల్లో ఇది పప్పూ ఉప్పూ లాంటి సరుకు. అలా ఒక చిన్న సీసాడు నాకు చేరింది. సరస్సులో మల్టీలు నీళ్లలో కొట్టుకొచ్చే సూక్ష్మ జీవుల్ని తింటాయి, అందుకే అప్పుడే పొదిగిన ఆర్టీమియా వీటికి ఒంటికి పడుతుంది. రెండు లీటర్ల బాటిల్ అడుగు కోసి తలకిందులుగా నిలబెట్టి, లీటరుకు 25 గ్రాముల ఉప్పు, అర టీ స్పూన్ గుడ్లు, కింద నుంచి బుడగలు బాగా వచ్చేలా ఎయిర్ ట్యూబు, పక్కన లైటు. మన వేడికి ఒక రోజులో పొదుగుతాయి. గాలి ఆపి మూత దగ్గర టార్చి పెడితే నారింజ రంగు పిల్లలన్నీ వెలుతురు వైపు కిందికి చేరతాయి, పెంకులు పైకి తేలతాయి. కింది నుంచి పల్చటి గుడ్డలోకి వడకట్టి, మంచినీళ్లతో ఒకసారి కడిగి వేస్తాను. మిగతా రోజుల్లో సన్న గుళికల మేత వేళ్ల మధ్య నలిపి వేయడమే. బతికున్న ట్యూబిఫెక్స్ పురుగులు చవక అని షాపుల్లో అంటగడతారు. మురికి కాలవల్లో పుట్టేవి, రోగాలు మోసుకొస్తాయి. నేను ముట్టుకోను.

ఒక ఆడది రోజుల తరబడి గుల్ల దగ్గర్నుంచి కదలడం మానేసింది. మేత వేసినా మూతి బయటపెట్టి అందినంత తిని లోపలికి పోయేది, తోకతో లోపలికి నీళ్లు విసిరేది. గుడ్లు గుల్ల లోతు మెలికలో పెడుతుంది కాబట్టి మనకు కనబడవు. ఒకరోజు ఆర్టీమియా వేశాక గుల్ల అంచున ఏదో కదిలినట్టనిపించి ఫోన్ టార్చి పెట్టి, ముక్కు గాజుకు ఆనించి చూశాను. అర సెంటీమీటరు కూడా లేని పారదర్శకమైన గీత, ముందు రెండు నల్ల చుక్కలు. దాని పొట్టలో నారింజ రంగు. ఆర్టీమియా తిన్నదన్నమాట! కొంచెం పక్కన ఇంకోటి, గుల్ల లోపలి వంపులో ఇంకో నాలుగు. తల్లి పైన నిలబడి నా ముక్కునే చూస్తోంది. పిల్లలు అంచు నుంచి ఒక అంగుళం దాటవు. నీడ పడితే అన్నీ ఒక్కసారే లోపలికి.

వీటి దగ్గర నాకు బాగా నచ్చింది తర్వాత జరిగేది. చాలా సిక్లిడ్లు కొత్త ఈనుకు సిద్ధమవగానే పాత పిల్లల్ని తరిమేస్తాయి, లేదా తినేస్తాయి. మల్టీలు అలా చేయవు. పెద్ద పిల్లలు అక్కడే ఉంటాయి, చిన్నవి వాటి మధ్యే పెరుగుతాయి. ఏడాది తిరిగేసరికి తొట్టిలో మూడు నాలుగు సైజుల చేపలు, అన్నీ ఒకే గొయ్యి చుట్టూ. ఇప్పుడెవరూ ‘చేపలేవీ’ అనడం లేదు.

ఎండాకాలం టెన్షన్ మాత్రం ఎప్పుడూ ఉండేదే. వీటికి 24 నుంచి 27 డిగ్రీలు సుఖం. ఏప్రిల్, మే నెలల్లో మా హాల్లో నీళ్లు 32 తాకుతాయి. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. మూత తీసేసి, చిన్న క్లిప్ ఫ్యాన్ నీళ్ల మీదికి తిప్పి పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. కానీ రోజుకు లీటరు పైన ఆవిరైపోతుంది. ఆ లోటు బోరు నీళ్లతో పూడిస్తే తొట్టిలో ఉప్పులు పెరుగుతూ పోతాయి, ఆవిరయ్యేది నీళ్లేగా, లవణాలు కాదు. అందుకని ఆవిరైనంత వరకు ఆర్వో నీళ్లు, వారం వారం మార్చే నాలుగో వంతు మాత్రం చెట్ల నల్లా నీళ్లు. ఆర్వో మిషన్ నుంచి పారబోసే నీళ్లు వాడొచ్చు కదా, అందులో కాల్షియం ఎక్కువ కదా అని కొందరంటారు. ఎక్కువే, దాంతో పాటు నైట్రేటూ మిగతా అన్నీ ఎక్కువే.

కరెంటు పోతే స్పాంజ్ ఫిల్టర్ ఆగకుండా ఎయిర్ పంపును ఇన్వర్టర్ లైనుకు కలిపించాను. పంపు తొట్టి నీటిమట్టం కంటే పైన ఉండాలి, లేదా ట్యూబులో వెనక్కి రాని వాల్వ్ వేయాలి. లేకపోతే పంపు ఆగినప్పుడు నీళ్లు ట్యూబు గుండా వెనక్కి వచ్చేస్తాయి.

పెరిగిన మగపిల్లల్ని తండ్రి ఒక వయసు దాటాక గుల్లల దగ్గరికి రానివ్వదు. అవి కుడి వైపు ఇసుక గుట్ట వెనక తిరుగుతుండేవి. మధ్యలో ఒక పలక రాయి నిలబెట్టి అటు పది గుల్లలు వేశాను. కొన్నాళ్లకు అందులో ఒకటి గొయ్యి తవ్వుకుంది, ఇటు నుంచి ఒక ఆడది వెళ్లి చేరింది. ఇప్పుడు రాయికి అటొక గుంపు, ఇటొక గుంపు. అటువాళ్లు తవ్విన ఇసుక ఇటు, ఇటువాళ్లది అటు పోస్తున్నారు.

నలభై అయిదు లీటర్లకు ఇంతకంటే మంద ఎక్కువైతే నీళ్లు తట్టుకోవు, అందుకే పంచిపెడుతున్నాను. వలతో పట్టడం కుదిరే పని కాదు, అన్నీ గుల్లల్లోకి పోతాయి. గుల్లతో సహా తీసి, నోరు కిందికి ఉండేలా నీటిమట్టం పైకి మెల్లగా ఎత్తితే లోపలి నీళ్లతో పాటు చేప కూడా కింద పెట్టిన గిన్నెలోకి జారుతుంది. లోపల చిన్న పిల్లలున్నాయేమో ముందు చూసుకోవాలి. ఉంటే ఆ గుల్లను ఎక్కడిదక్కడ పెట్టేయడమే. తీసుకెళ్లేవాళ్లకు ఆరు పిల్లల కంటే తక్కువ ఇవ్వను, చేపతో పాటు తలా మూడు గుల్లలు, బ్యాక్టీరియా పట్టిన పాత ఫిల్టర్ స్పాంజ్ ముక్క ఒకటి. డబ్బులు తీసుకోను. బదులుగా వాళ్ల ఇంటి నీళ్లు ఒక సీసాలో ముందు రోజే తెచ్చి చూపించాలి. తొట్టి కొని, ఇసుక కడిగి, చేపలు లేకుండా నెల నడిపారో లేదో అదీ అడుగుతాను. ‘ఈ ఆదివారమే కొన్నాం, ఈ ఆదివారమే వేసేస్తాం’ అనేవాళ్లను వచ్చే నెల రమ్మంటున్నాను. సగం మంది మళ్లీ రారు, వచ్చిన సగం మంది దగ్గర చేపలు బాగానే ఉన్నాయి.